ఎడమ చేతి గ్లౌజులు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పోత షెడ్డులో మూడో బల్ల దగ్గర పనిచేసే ఇరవై నాలుగేళ్ల ఆమె కుడి చేతి గ్లౌజు తీసింది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మీది చర్మం గ్లౌజులోనే ఉండిపోయింది.

ఆమె అరవలేదు. గ్లౌజును బల్ల మీద పెట్టి, చేతిని చూసుకుని, స్టూలు మీద కూర్చుంది. అరిచింది ఎదురు బల్ల ఆమె.

షెడ్డులో బల్లలు ఏడు, బల్లకు ఇద్దరు చొప్పున పద్నాలుగు మంది ఆడవాళ్లు. తెల్ల డబ్బాలోని రెజిన్ జిగురు, దాన్ని గట్టిపరిచే ఎర్ర డబ్బాలోని హార్డెనర్ కొలిచి కలపాలి. బద్దతో నాలుగు నిమిషాలు తిప్పాలి. అచ్చులో రాగి కాయిల్ పెట్టి ఆ జిగురు పోయాలి. గట్టిపడ్డాక అచ్చు విప్పి, అంచుల్లో మిగిలిన దాన్ని బ్లేడుతో గీకాలి. చివర బల్లను థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. షిఫ్టుకు ఒక్కో బల్ల మీద ముప్పై కాయిల్స్ తయారవుతాయి.

సూపర్‌వైజర్ వచ్చాడు. ప్రథమ చికిత్స పెట్టెలో దూది ఉంది. మందు సీసా ఖాళీ.

“ఏమ్మా, ఇంట్లో అంట్లు దేంతో తోముతావ్?” అని అడిగాడు.

“అందరూ తోమేదాంతోనే సార్.”

“సబ్బా, పౌడరా?”

“పౌడరు.”

ఫారంలో ‘కారణం’ అన్న గడిలో అతను ‘ఇంటి డిటర్జెంట్’ అని రాశాడు. ఆమె కుడి చేత్తో కలం పట్టుకోలేకపోయింది. ఎడమ బొటనవేలి ముద్ర తీసుకుని ఇంటికి పొమ్మన్నాడు.

గోడకు అవతల ప్యాకింగ్ గదిలో లైన్ లీడర్‌గా ఉన్నది ఆమె వదిన, భర్తకు స్వయానా అక్క. మరదలికి ఈ ఉద్యోగం వేయించింది ఆవిడే. ఫ్యాక్టరీలో ఆవిడను అందరూ పొదుపక్క అంటారు. ఆ పేరు గ్లౌజుల వల్ల వచ్చింది.

అప్పట్లో పొదుపక్క కూడా పోత షెడ్డులోనే పనిచేసేది. స్టోరు పదిహేను రోజులకు ఒక జత గ్లౌజులు ఇచ్చేది. ముంజేతి దాకా వచ్చే మందపు రబ్బరు గ్లౌజులు, లోపల నూగు, కుడిది వేరు, ఎడమది వేరు. బ్లేడు పట్టే కుడి చేతి గ్లౌజు పన్నెండో రోజుకల్లా వేళ్ల దగ్గర చిరిగేది. ఎడమది చెక్కుచెదరకుండా ఉండేది. మిగిలిన మూడు రోజులు కుడి చేయి వట్టిదే.

“పదిహేనో రోజు దాకా నా చేతుల్లో ఏం లేదమ్మా,” అనేవాడు స్టోరాయన.

“మా చేతుల్లోనూ ఏం లేదు బాబాయ్, అదే కదా మా గోల,” అనేది పొదుపక్క.

ఒకరోజు ఆమె పాత జతలో మిగిలిన ఎడమ గ్లౌజును థిన్నర్‌తో తుడిచి, ఆరబెట్టి, లోపలి వైపు బయటికి తిప్పింది. తిప్పితే అది కుడి చేతికి సరిపోయింది. నూగు బయటికి రావడంతో డబ్బా జారలేదు. వట్టి చేత్తో జిగురు ముట్టుకునే బాధ తప్పింది. పక్క బల్లకు చూపించింది. వారం తిరిగేసరికి షెడ్డంతా ఎడమ గ్లౌజులు లాకర్లలో దాచుకోవడం మొదలుపెట్టింది.

మూడు నెలల తర్వాత ఈ సంగతి మేనేజర్ చెవిన పడింది. జత నెలకొకటి చాలని స్టోరుకు ఆర్డరు వెళ్లింది. నెలలో పన్నెండు రోజులు కుడిది, పన్నెండు రోజులు కిందటి నెల మిగిలిన ఎడమదాన్ని తిప్పి, చివరి వారం చిరిగిన వేళ్లకు టేపు. ఆ ఏడాది మీటింగులో పొదుపక్కకు ఒక గోడ గడియారం, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. సర్టిఫికెట్‌లో ఇలా ఉంది: ‘ఎడమ చేతి గ్లౌజులను తిప్పి కుడి చేతికి వాడే పద్ధతిని కనిపెట్టి, గ్లౌజుల ఖర్చును సగానికి తగ్గించినందుకు.’ కింద మేనేజర్ సంతకం, ఫ్యాక్టరీ ముద్ర. మరుసటి నెలలోనే ఆమెను ప్యాకింగ్‌కు మార్చారు. ఆ తర్వాత ఆమె రెజిన్ ముట్టుకోలేదు.

పద్నాలుగు నెలల కిందట మరదలు చేరినప్పుడు, మొదటి రోజు టీ విరామంలో గ్లౌజు ఎలా తిప్పాలో నేర్పింది కూడా ఆవిడే.

వాళ్లది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో పొదుపక్క, లోపలి గదిలో తమ్ముడు, మరదలు, రెండున్నరేళ్ల పాప. తమ్ముడు ఫ్యాక్టరీల్లో నేలకు రంగు పూసే పని చేస్తాడు. మంగళవారం సాయంత్రం అతను వచ్చేసరికి భార్య కుడి చేయి మోచేతి దాకా కట్టుతో ఉంది. పాప గౌను బొత్తాలు పట్టుకుని తల్లి ముందు నిలబడి ఉంది. తల్లి ఎడమ చేత్తో ఒక బొత్తాం పెట్టింది. రెండోది పెట్టలేకపోయింది.

“ఎన్నాళ్ల నుంచే ఇది?” అని అడిగాడు.

“దురద రెండు నెలల్నించి.”

“రెండు నెలలా? నోట్లో ఏం పెట్టుకున్నావ్?”

“చెప్తే ఇంటికి పంపేస్తారు. వెళ్లిన వాళ్లకి జీతం లేదు. దురదొస్తే అందరం థిన్నర్ రాసుకునేవాళ్లం, చల్లగా ఉంటుందని.”

“థిన్నరా! రంగు డబ్బా గీకడానికి నేను వాడేది నువ్వు చేతికి రాశావా?”

పొదుపక్క వంటింటి గట్టు దగ్గర గిన్నెలు కడుగుతోంది. నీళ్ల చప్పుడు ఆగింది.

“అక్కా, నీకు తెలుసా?” అన్నాడు తమ్ముడు.

“దురద సంగతి తెలీదు.”

మరదలు తల తిప్పి గోడ వైపు చూసింది. గడియారం ఏడు ఇరవై చూపిస్తోంది. దాని పక్కన ఫ్రేములో సర్టిఫికెట్.

“ఆ గడియారం టైము బాగానే చూపిస్తోంది వదినా,” అంది. “నా వేళ్లే ఆలస్యంగా చూసుకున్నా.”



బుధవారం ప్రభుత్వాసుపత్రిలో పని జబ్బుల విభాగం డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించింది.

“ఇంటి డిటర్జెంట్ అని రాశారు. అంట్లు ఒంటి చేత్తో తోముతావా?”

“లేదండీ, రెండు చేతులతోనే.”

“మరి ఎడమ చెయ్యి అద్దంలా ఉందేంటి?”

మరదలు ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. తోడు వచ్చిన పొదుపక్క కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూసింది.

డాక్టరమ్మ రెండు విషయాలు చెప్పింది. ఇది పని వల్ల వచ్చిన జబ్బని తేలితే వైద్యం ఖర్చు, ఆరు నెలల సగం జీతం ఫ్యాక్టరీ ఇవ్వాలి. అందుకు ముప్పై రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. రెండోది, పని చోటు చూడకుండా తాను ఏదీ రాయదు. శుక్రవారం తనిఖీకి వస్తానంది.

గురువారం ఉదయం నోటీసు బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. ‘గ్లౌజులు తిప్పి వాడరాదు. వాడినవారే బాధ్యులు.’ కింద తారీఖు కిందటి ఏడాదిది. అదే బోర్డు మీద రెండేళ్లుగా ఉన్న పొదుపక్క ఫోటో లేదు. ఫోటో ఉన్న చోట నాలుగు పిన్ను రంధ్రాలు ఉన్నాయి.

“కిందటేడు నోటీసు ఇవాళే ఎలా మొలిచిందే?” అంది ఒకామె.

“లేటుగా పుట్టింది, నెల తక్కువ బిడ్డ కాదు, ఏడాది ఎక్కువ బిడ్డ,” అంది ఇంకొకామె. నవ్వినవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లు గ్లౌజులు తొడుక్కోవడానికి వెళ్లారు. ఆ రోజు నెలలో ఇరవై మూడోది. కుడి చేతులకు తిప్పిన ఎడమ గ్లౌజులే ఉన్నాయి. వేరేవి లేవు.

శుక్రవారం డాక్టరమ్మ షెడ్డులో పద్నాలుగు మంది చేతులూ చూసింది. మరదలి స్థానంలో ప్యాకింగ్ నుంచి ఒకామెను నిలబెట్టారు. ఆమెను తీసేసి లెక్కేస్తే, పదముగ్గురిలో పది మందికి కుడి చేతి మీద బొబ్బలు, పగుళ్లు, పొక్కులు ఆరిన మచ్చలు. ఇంట్లో ఉన్న మరదలితో పదకొండు. ఏమీ లేనివాళ్లు ముగ్గురు. ఇద్దరు చేరి నెల కాలేదు. మూడో ఆమె ఆరేళ్లుగా అదే షెడ్డులో ఉంది. ఆమెది ఎడం చేతి వాటం. అందరూ ఆమెను పుర్రచెయ్యి అంటారు.

మేనేజర్ ఆమెను ముందుకు రమ్మన్నాడు. “చూడండి మేడమ్. అదే జిగురు, అదే థిన్నర్, ఆరేళ్లు. రెండు చేతులూ నున్నగా ఉన్నాయి. మిగతావాళ్లవి వాళ్ల ఒంటి తత్వాలు.”

“నీకెందుకు రాలేదమ్మా?” అని డాక్టరమ్మ అడిగింది.

“ఎడం చేత్తో రాస్తున్నానని మా అమ్మ చిన్నప్పుడు గరిటెతో కొట్టేది మేడమ్. ఆ దెబ్బలకి తోలు మొద్దుబారిందేమో,” అంది పుర్రచెయ్యి.

“నవ్వులాటకి కాదు. నువ్వు బ్లేడు ఏ చేత్తో పడతావ్?”

“ఎడం చేత్తో.”

“అప్పుడు నీకు ముందు చిరిగేది ఎడమ గ్లౌజు. చిరిగాక ఏం తొడుక్కుంటావ్?”

పుర్రచెయ్యి అందరి వైపు చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. “వీళ్ల దగ్గర ఎడమవి మిగులుతాయి కదండీ. ఒకటి ఇస్తారు. నా కుడిది వాళ్లకిస్తా.”

“నీకు ఎడమది దొరుకుతుంది. పదముగ్గురికి ఒక్క కుడిది. మిగతా పన్నెండు మంది చిరిగాక ఏం తొడుక్కుంటారు?”

కొందరు నోటీసు బోర్డు వైపు చూశారు. నోటీసు అందరూ చదివారు. డాక్టరమ్మ ఒక బల్ల దగ్గరికి వెళ్లి అక్కడున్న గ్లౌజు చేతిలోకి తీసుకుంది. నూగు బయటికి ఉంది. తెల్లగా ఉండాల్సిన నూగు జిగురుతో గట్టిపడి ఉంది. లోపల వేలు పెట్టకుండా, అంచు పట్టుకుని తిరగేసింది. లోపలి వైపు అంతా పాత రెజిన్ పొర.

“థిన్నర్‌తో తుడిచేశాం మేడమ్, పోయింది కదా,” అని చివరి బల్ల ఆమె అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“కంటికి పోయింది. థిన్నర్ దాన్ని రబ్బరులోకి ఇంకిస్తుంది. తర్వాత మీ చెమట దాన్ని తోలులోకి దింపుతుంది. వట్టి చేతికి అంటితే కడిగేసుకునేవాళ్లు. దీన్ని ఎనిమిది గంటలు తొడుక్కుని కూర్చున్నారు.”

మేనేజర్ నోటీసు బోర్డు చూపించాడు. తిప్పి వాడొద్దని తాము ముందే చెప్పామని, మాట వినకపోతే తమ తప్పు కాదని అన్నాడు. డాక్టరమ్మ నోటీసును ఫోటో తీసుకుంది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర పొదుపక్కను ఆపింది.

“వాళ్లు తమంతట తామే తిప్పారని ఫ్యాక్టరీ అంటే, దరఖాస్తులు తేల్చే కమిటీ ఒప్పుకుంటుంది. దరఖాస్తు కొట్టేస్తుంది. ఫ్యాక్టరీకి తెలిసే జరిగిందని కాగితం ఉంటే వేరు. ఉందా?”

“నాకేం తెలుసు మేడమ్, నేను ప్యాకింగ్,” అంది పొదుపక్క.

శనివారం సాయంత్రం సూపర్‌వైజర్ మూడు అంతస్తులు ఎక్కి వాళ్లింటికి వచ్చాడు. యాపిల్ పళ్లు తెచ్చాడు. కూర్చుని రెండు గుక్కల నీళ్లు తాగాడు.

“గడియారం ఆగిపోయిందని విన్నాం. బాగు చేయించి ఇస్తాం.”

“ఆగలేదు సార్. నడుస్తోంది.”

“పాత మోడల్ కదమ్మా. కొత్తదిస్తాం. ఆ ఫ్రేము కూడా ఇటివ్వు. ఆఫీసులో పెద్ద సైజులో పెట్టిద్దామన్నారు.” గొంతు తగ్గించాడు. “లైన్ లీడర్‌వి. పైకి వెళ్లే మనిషివి. మరదలి సంగతి మేం చూసుకుంటాం, బయటి చేతుల్లో పెట్టొద్దు.”

గోడ మీద గడియారం మాత్రమే ఉంది. ఫ్రేము ఉండే చోట మేకు ఉంది.

“ఫ్రేము పాప లాగి పడేసింది సార్. అద్దం పగిలితే చెత్తలో వేశా,” అంది పొదుపక్క. స్టూలు ఎక్కి గడియారం దించి అతని చేతికిచ్చింది. అతను మేకు వైపు చాలాసేపు చూశాడు. గడియారం చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

లోపలి గదిలోంచి మరదలు అంతా విన్నది. “ఎక్కడ పెట్టావ్?” అంది.

“నీ పరుపు కింద.”

“ఎప్పుడు?”

“మంగళవారం. నువ్వు పడుకున్నాక.”

“అప్పట్నించీ నా వీపు కింద పెట్టుకుని, డాక్టరమ్మతో నాకేం తెలుసన్నావా?”

“అన్నాను.” పొదుపక్క పాప గౌనుకు రెండో బొత్తాం పెట్టింది. “ఇస్తే ముందు పోయేది నా పోస్టు. తర్వాత పదకొండు మందీ ‘నీ వల్లే’ అంటారు. ఎలా తిరగను ఆ షెడ్డులో?”

“నువ్వు వట్టి చేత్తో చెయ్యొద్దనే నేర్పావ్. అది నాకు తెలుసు. నాకు తెలిస్తే ఏం లాభం వదినా? కమిటీలో కూర్చునేది నేను కాదు.”

సోమవారం ఉదయం పది గంటలకు పొదుపక్క సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది. ఫ్రేములోంచి తీసిన సర్టిఫికెట్‌ను డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, రసీదు అడిగి తీసుకుంది.

ఆ వారమే పదకొండు మంది వీపుల మీద చిన్న చిన్న పట్టీలు అంటించారు. ఒక్కో పట్టీ కింద ఒక్కో పదార్థం. రెండు రోజుల తర్వాత తీసి చూస్తే డిటర్జెంట్ పట్టీ కింద ఎవరికీ ఏమీ లేదు. రెజిన్ పట్టీ కింద పదకొండు మందికీ ఎర్రగా పొంగింది. వాళ్లెవరూ బతికినంత కాలం రెజిన్ ముట్టుకోకూడదని డాక్టరమ్మ రాసింది. పుండు మానుతుంది, కానీ ఒళ్లు ఆ పదార్థాన్ని మర్చిపోదు. ఈసారి చుక్క చాలు. ఏ ఏ రంగుల్లో, ఏ ఏ జిగురుల్లో రెజిన్ ఉంటుందో జాబితా ఇచ్చింది. అందులో మరదలి భర్త నేలకు పూసే రంగు కూడా ఉంది. ఆ రోజు నుంచి అతను మెట్ల కింద కుళాయి దగ్గర స్నానం చేసి, బట్టలు అక్కడే సంచిలో కట్టి, పైకి వస్తున్నాడు.

దరఖాస్తు గడువుకు వారం ముందు మేనేజర్ గదిలో డాక్టరమ్మ, మేనేజర్ మాట్లాడుకున్నారు. డాక్టరమ్మ స్టోరాయనను రిజిస్టరు తెమ్మంది.

“ఇరవై ఆరు నెలల్లో ఎన్ని జతలు మిగిలాయి?”

“మూడు వందల అరవై నాలుగు మేడమ్.”

“ఒక కాయిల్ ధరకి ఎన్ని జతలొస్తాయి?”

“ముప్పై.”

“అంటే పన్నెండు కాయిల్స్ మిగిలాయి. పదకొండు మందీ పని మానేసి తొమ్మిది పనిదినాలైంది. కొత్తవాళ్ల చేతుల్లో ఎన్ని పాడయ్యాయి?”

స్టోరాయన కళ్లజోడు సర్దుకుని పేజీ తిప్పాడు. “బుడగలొచ్చి తుక్కులో వేసినవి తొంభై ఒకటి.”

“తొంభై ఒకటా?” అన్నాడు మేనేజర్. “నాకెవరూ చెప్పలేదే!”

“మీరు గ్లౌజుల పేజీయే చూస్తారు సార్. తుక్కు దాని వెనక పేజీ.”

మేనేజర్ రిజిస్టరు తన వైపు లాక్కున్నాడు. అప్పటిదాకా అతను పదకొండు మంది చేతుల ఫోటోలు తెరిచి చూడలేదు. తుక్కు పేజీని రెండుసార్లు చదివాడు. ఆ మధ్యాహ్నమే గ్లౌజులకు కొత్త ఆర్డరు వెళ్లింది: మనిషికి వారానికొక జత. శనివారం షిఫ్టు అయ్యాక రెండు గ్లౌజులూ స్టోరాయన ముందు చెత్తడబ్బాలో వేయాలి. ఏదీ లాకర్లో ఉంచుకోకూడదు.

దరఖాస్తు మీద సంతకం కావాలి. వేలిముద్ర చెల్లదని కమిటీ ఆఫీసు గుమాస్తా అన్నాడు. పుర్రచెయ్యి రెండు సాయంత్రాలు ఇంటికి వచ్చి మరదలికి ఎడమ చేత్తో రాయడం నేర్పింది.

“కాగితాన్ని ఇటు వాల్చు. చెయ్యి కాదు, కాగితం. ఆఁ, అలా. మా అమ్మ చూస్తే గరిటె నీ మీదికి వచ్చేది.”

ఇరవై తొమ్మిదో రోజున దరఖాస్తు ఇచ్చారు. పదకొండు మందిలో తొమ్మిది మంది ఇచ్చారు. ఇద్దరు భయపడి ఇవ్వలేదు. సర్టిఫికెట్ చూశాక కమిటీ తొమ్మిదింటినీ పని వల్ల వచ్చిన జబ్బులుగా ఒప్పుకుంది. కిందటేడు తారీఖుతో ఉన్న నోటీసు గురించి కమిటీ ఏమీ అడగలేదు.

లైన్ లీడర్ల జాబితా మారింది. పొదుపక్కను పోత షెడ్డుకు తిప్పి పంపారు. మూడో బల్ల ఇచ్చారు. ఖాళీ అయిన పదకొండు స్థానాల్లో మిగతా పది కొత్తవాళ్లతో నిండాయి. పొదుపక్క తిరిగి వచ్చిన మొదటి రోజు టీ విరామంలో వాళ్లలో ఒకామె అడిగింది: “అక్కా, ఎడమది ఇంత బాగుంటే ఎందుకు పారేయడం? మా ఇంట్లో బాత్‌రూమ్ కడగడానికైనా పనికొస్తుందిగా.”

“పారెయ్,” అంది పొదుపక్క.

“పద్ధతి ఏదో నువ్వే కనిపెట్టావట కదా?”

“పారెయ్యమన్నాను.”

శనివారం సాయంత్రం నాలుగున్నరకు షిఫ్టు అయింది. షెడ్డులో ఆ వారం పనిచేసినవాళ్లు పద్నాలుగు మంది. అందరూ వెళ్లాక స్టోరాయన చెత్తడబ్బాను నేల మీద బోర్లించి లెక్కపెట్టాడు. పొదుపక్క పక్కన నిలబడి సాక్షి సంతకం చేసింది. రిజిస్టరులో ఇలా ఉంది: కుడి చేతి గ్లౌజులు పద్నాలుగు. ఎడమ చేతి గ్లౌజులు పదకొండు.